లక్షా ముప్పై వేల ఫోనా, డెబ్బై వేల ఫోనా? మా మేనల్లుడి కోసం వేసిన లెక్క

2025లో విజయనగరం సిరిమాను పండగ అయిన నాలుగో రోజున మా మేనల్లుడు కాశీబుగ్గ నుంచి వచ్చాడు. వాడికి పలాసలో జీడిపప్పు వ్యాపారం, నాకు విజయనగరంలో గంటస్తంభం దగ్గర్లో ఫొటో స్టూడియో. బంధువుల్లో ఎవరు ఖరీదైన ఫోన్ కొనాలన్నా ముందు నా దగ్గరికే వస్తారు, కెమెరా పనివాడికి తెలుస్తుందని.

"దీపావళి ఆఫర్లున్నాయి మావయ్యా, పెద్ద శాంసంగ్ తీసేసుకుందామనుకుంటన్నాను. ఏటంటావు?" అన్నాడు.

పెద్ద శాంసంగ్ అంటే గెలాక్సీ ఎస్25 అల్ట్రా. 2025 జనవరిలో వచ్చినప్పుడు దాని ధర 1,29,999 రూపాయలు. మంచి ఫోనే. కానీ నేను వెంటనే సరే అనలేదు. "ముందు ఆ ఫోన్‌తో రోజంతా ఏం చేస్తావో చెప్పు" అన్నాను. పొద్దున్న ఆరింటి నుంచి రాత్రి పది దాకా కాల్స్. రెండు సిమ్ములు, ఒకటి ఇంటికి, ఒకటి వ్యాపారానికి. గ్రేడు కట్టిన పప్పు ఫొటోలు తీసి ముంబై, బెంగళూరు పార్టీలకి వాట్సాప్‌లో పంపడం. బ్యాంకు, యూపీఐ, బిల్లులు. ఆదివారం వాళ్ల పాప వీడియోలు. ఇదీ వాడి రోజు.

కాగితం మీద నాలుగు పేర్లు రాశాను. ఎస్25 అల్ట్రా, వివో ఎక్స్200 ప్రో, ఐఫోన్ 17, వన్‌ప్లస్ 13. విడుదలైన రోజు ధరలు వరసగా 1,29,999, 94,999, 82,900, 69,999. వివోకి 512 జీబీ స్టోరేజీ, మిగతా మూడింటికీ 256. పండగ ఆఫర్లలో ఈ ధరలు తగ్గుతాయి, నేను మాత్రం విడుదల ధరలతోనే లెక్క వేశాను.

ప్రాసెసర్ గురించి రెండు మాటలు చాలు. ఎస్25 అల్ట్రాలో ఉన్నదీ, వన్‌ప్లస్ 13లో ఉన్నదీ స్నాప్‌డ్రాగన్ 8 ఎలైటే. శాంసంగ్ దాన్ని కొంచెం ఎక్కువ వేగంతో నడుపుతుంది, అంతే. వాట్సాప్, యూపీఐ, యూట్యూబ్ వాడేవాడికి ఆ తేడా ఎన్నాళ్లయినా తెలియదు. నాలుగింటిలో ఏది తీసుకున్నా వేగానికి లోటుండదు.

కెమెరా దగ్గర మాత్రం ఆగి చూడాలి. లక్ష దాటిన ఫోన్‌లో మన డబ్బు ఎక్కువగా పోయేది అక్కడికే. పెట్టె మీద 200 మెగాపిక్సెల్ అని రాసి ఉంటుంది. మామూలుగా బటన్ నొక్కితే వచ్చేది మాత్రం 12 మెగాపిక్సెల్ ఫొటోయే. సెన్సర్ మీది పదహారు చిన్న గళ్లను కలిపి ఒక్క గడిగా లెక్కేసుకుంటుంది. వెలుతురు తక్కువున్నప్పుడు అది మంచి పద్ధతి. అంతేగానీ 200 అన్న అంకె చూసి, 50 ఉన్న ఫోన్ కన్నా నాలుగు రెట్లు బాగా తీస్తుందని అనుకోకూడదు. తేడా తెలిసేది దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగినప్పుడు.

దానికి మనకి సిరిమానును మించిన పరీక్ష లేదు. దసరా వెళ్లిన మంగళవారం సాయంత్రం, యాభై అరవై అడుగుల మాను, దాని కొసన కూర్చున్న పూజారి. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. పైడితల్లమ్మ గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. మనం నిలబడేది ఏ మేడ మీదో, ఏ సందు మొదట్లోనో. మామూలు లెన్స్‌తో తీస్తే పూజారి వేలి గోరంత కనిపిస్తాడు. ముఖం కావాలంటే దూరపు లెన్స్ ఉండాలి.

ఐఫోన్ 17కి దూరపు లెన్స్ లేదు. ప్రధాన సెన్సర్‌లో మధ్య భాగం తీసుకుని 2 రెట్ల జూమ్ ఇస్తుంది, ఆపైన సాగదీయడమే. యాపిల్‌లోనే దూరపు లెన్స్ కావాలంటే 17 ప్రో కొనాలి, విడుదలైనప్పుడు దాని ధర 1,34,900. వన్‌ప్లస్ 13కి 3 రెట్ల లెన్స్ ఉంది, 50 మెగాపిక్సెల్. వివోకి 3.7 రెట్లు, 200 మెగాపిక్సెల్. శాంసంగ్ రెండు దూరపు లెన్సులు ఇచ్చింది: 3 రెట్లకి 10 మెగాపిక్సెల్, 5 రెట్లకి 50 మెగాపిక్సెల్. ఇంతవరకు చూస్తే శాంసంగే గెలిచినట్టు ఉంటుంది.

కానీ రెట్లు చెప్పేది ఎంత దగ్గరగా చూపిస్తుందన్నది మాత్రమే. లోపలికి ఎంత వెలుతురు వస్తుందో చెప్పేది ఎఫ్ నంబరు. ఆ నంబరు పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. ఎస్25 అల్ట్రా ప్రధాన కెమెరాది ఎఫ్ 1.7, దాని 5 రెట్ల లెన్స్‌ది ఎఫ్ 3.4. నంబరు రెట్టింపయితే అందే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. పలచని ఫోన్‌లో దూరపు లెన్స్‌ని ఇరికించాలంటే ఇలా కొంత వెలుతురు వదులుకోవాల్సి వస్తుంది. మధ్యాహ్నం ఎండలో దీనితో ఇబ్బందే రాదు. సిరిమాను మూడో తిరుగుడుకి పొద్దు వాలిపోయి ఉంటుంది, అప్పుడే అవస్థ. వివో దూరపు లెన్స్‌ది ఎఫ్ 2.67, దాని వెనక సెన్సర్ కూడా పెద్దది. సాయంత్రాలు, స్టేజీ మీద డ్యాన్సులు, రాత్రి పెళ్లిళ్లు తీసేవాళ్లకి నేను చెప్పేది ఎక్స్200 ప్రో. తేలినీలాపురంలో చెట్ల మీద వాలిన పెలికాన్లని పగటి వెలుతురులో తీయాలంటే మాత్రం 5 రెట్ల శాంసంగ్ బాగుంటుంది.

షాపులోనే చేసుకోగల చిన్న పరీక్ష ఒకటుంది. నేను అందరికీ చెబుతుంటాను. కౌంటర్ కింద చీకటిగా ఉన్న చోటికి కెమెరా తిప్పి 3 రెట్లో, 5 రెట్లో పెట్టండి. ఇప్పుడు వెనక ఉన్న దూరపు లెన్స్ మీద వేలు పెట్టి మూయండి. తెర మీద బొమ్మ నల్లబడితే ఆ లెన్స్ పనిచేస్తున్నట్టు. బొమ్మ అలాగే ఉంటే, చీకటి చూసి ఫోన్ ఆ లెన్స్‌ని పక్కన పెట్టేసి ప్రధాన కెమెరా బొమ్మనే సాగదీసి చూపిస్తోందన్నమాట. చాలా ఫోన్లు అలాగే చేస్తాయి. ఎంత వెలుతురు దగ్గర మారుతుందో చూసుకుంటే, దూరపు లెన్స్ కోసం పెట్టే అదనపు డబ్బు మనకి ఎన్ని గంటలు పనికొస్తుందో అర్థమవుతుంది.

ఇంతా చెప్పాక మావాడు అన్న మాట: "నాను సిరిమాను ఏడాదికోసారే తీస్తాను మావయ్యా. పప్పు రోజూ తీస్తాను."

నిజమే కదా. అందుకని పప్పు సంగతికి వచ్చాం. వాడికి నిరుడు ఒక దెబ్బ తగిలింది. పాత ఫోన్, ఏ కంపెనీదో చెప్పను, పప్పుని ఉన్నదానికన్నా తెల్లగా చూపించేది. ఫొటోలో చూసిన సరుకూ వచ్చిన సరుకూ ఒకటి కాదని ముంబై పార్టీ పేచీ పెట్టింది. రేటు తగ్గించుకోక తప్పలేదు. డబ్ల్యూ 320 అనే గ్రేడు అంటే పౌండు బరువుకి 300 నుంచి 320 గింజలు తూగే నిండు పప్పు. గింజల లెక్క ఒకటే అయినా తెల్ల పప్పుకి ఒక ధర, కాస్త మాడు రంగు తిరిగిన పప్పుకి ఇంకో ధర. అంటే ఫోన్ రంగు మార్చేస్తే గ్రేడు మార్చినట్టే.

వాడి సంచిలో శాంపిల్ ప్యాకెట్ ఉంది. స్టీలు పళ్లెంలో పోశాం. మా స్టూడియో కుర్రాడి దగ్గర వన్‌ప్లస్ 13 ఉంటే అడిగి తీసుకున్నాను. ట్యూబ్‌లైట్ కింద మామూలు మోడ్‌లో తీస్తే పప్పు కొంచెం నీలం కలిసిన తెలుపులో వచ్చింది, పళ్లెం మెరుపు చూసి కెమెరా తడబడినట్టుంది. పళ్లెంలో ఒక మూలన తెల్ల ఏ4 కాగితం ముక్క పెట్టి, సెట్టింగులు మన చేత్తో మార్చుకునే ప్రో మోడ్‌లో, తెలుపుని సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ని ఆ కాగితం తెల్లగా కనిపించే దాకా జరిపి, అక్కడ బిగించాను. మళ్లీ తీశాను. తెరనీ పళ్లేన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే పప్పు మీది ఆ లేత మీగడ రంగు, గింజ వంపులో సన్నటి గోధుమ గీతతో సహా దిగింది. "ఇది నా పప్పే" అన్నాడు.

ఈ పనికి శాంసంగ్, వన్‌ప్లస్, వివో మూడూ సరిపోతాయి, మూడింటి కెమెరాలోనూ ప్రో మోడ్ ఉంది. ఐఫోన్ సొంత కెమెరాలో ఫొటోకి వైట్ బ్యాలెన్స్‌ని మన చేత్తో మార్చుకునే వీలు లేదు, వేరే యాప్ వేసుకోవాలి. చీరలు అమ్మేవాళ్లు, బంగారం పనివాళ్లు, బుడితి ఇత్తడి సామాన్ల ఫొటోలు పెట్టేవాళ్లు, పొందూరు ఖాదీ అమ్మేవాళ్లు, రంగే సరుకైన ఎవరైనా ఈ ఒక్క విషయం కొనేముందు చూసుకోవాలి. మెగాపిక్సెళ్ల కన్నా మీకు ఇదే ముఖ్యం.

తర్వాత బ్యాటరీ. శాంసంగ్‌కి 5000 ఎంఏహెచ్, 45 వాట్ల చార్జింగ్. వన్‌ప్లస్, వివోలకి 6000, చార్జింగ్ 100 వాట్లు, 90 వాట్లు. ఆ రెండింటికీ చార్జర్ పెట్టెలోనే వస్తుంది. శాంసంగ్‌కీ ఐఫోన్‌కీ చార్జర్ విడిగా కొనుక్కోవాలి, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. నగరంలో ఉండేవాళ్లకి ఇది చిన్న విషయంలా ఉంటుంది. ఉద్దానం వైపు వాళ్లకి కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు అక్కడి ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ ఉన్న చోట ఫోన్లు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లలో మా మేనల్లుడొకడు. మన వంతు వచ్చాక దొరికేది అరగంటే అనుకుంటే, ఆ అరగంటలో ఎంత నిండుతుందన్నదే లెక్క. వన్‌ప్లస్ దాదాపు నిండిపోతుంది. శాంసంగ్ 65 శాతం దాకా వస్తుందని కంపెనీ చెబుతుంది.

సిమ్ సంగతి కూడా అలాంటిదే. మన దేశంలో అమ్మే ఐఫోన్ 17లో మామూలు సిమ్ ఒకటే పడుతుంది, రెండోది ఈసిమ్, అంటే ఫోన్ లోపలే ఉండే, చేత్తో తీయలేని సిమ్. మిగతా మూడింట్లో రెండు మామూలు సిమ్ములు వేసుకోవచ్చు. ఫోన్ తడిసి ఆగిపోతే మామూలు సిమ్ తీసి ఇంట్లో ఉన్న బటన్ ఫోన్‌లో వేసి మాట్లాడొచ్చు. ఈసిమ్‌తో ఆ పని కుదరదు. వ్యాపారం నంబరు మాత్రం మామూలు సిమ్‌లోనే ఉంచమని నా సలహా.

నీళ్ల విషయంలో ఒక హెచ్చరిక. నీళ్లనీ దుమ్మునీ తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 అన్న గుర్తు రాసి ఉంటే చాలామంది ఫోన్ పట్టుకుని సముద్రంలో దిగిపోతున్నారు. ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో. కళింగపట్నంలోనో, బారువలోనో ఉప్పునీళ్లు తగిలితే వెంటనే మంచినీళ్లతో కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాకే చార్జింగ్ పెట్టాలి. లోపలికి నీళ్లు పోతే మామూలు వారంటీ వర్తించదు. అలాగే బండి హ్యాండిల్‌కి ఫోన్ బిగించి మ్యాప్ చూస్తూ పోయే అలవాటు మానుకోవాలి. ఇంజిన్ అదురుకి కెమెరాలో బొమ్మ కదలకుండా ఆపే భాగం దెబ్బతింటుందని యాపిల్ 2021లోనే చెప్పింది. లక్ష రూపాయల కెమెరా అలా పాడైతే ప్రాణం ఉసూరుమంటుంది.

ఏఐ కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. యాపిల్ ఇంటెలిజెన్స్‌కి తెలుగు రాదు. గూగుల్ వాళ్ల జెమినీతో తెలుగులో మాట్లాడొచ్చు, పైగా అది పదిహేను వేల ఫోన్‌లోనూ దొరుకుతుంది.

ఎన్నేళ్లు వాడతారన్నది చాలామంది వేసుకోని లెక్క. నన్నడిగితే ధర కన్నా ముందు ఇదే వేసుకోవాలి. శాంసంగ్ ఎస్25 అల్ట్రాకి ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తానంది. వన్‌ప్లస్ 13కి నాలుగు ఆండ్రాయిడ్ వెర్షన్లు, ఆరేళ్ల సెక్యూరిటీ. వివోకి నాలుగు వెర్షన్లు, ఐదేళ్ల సెక్యూరిటీ. యాపిల్ సంగతికొస్తే 2019లో వచ్చిన ఐఫోన్ 11కి 2025లో కూడా కొత్త ఐఓఎస్ 26 అందింది. బ్యాంకు యాప్‌లు వాడే మనిషికి సెక్యూరిటీ అప్‌డేట్ ఆగిపోవడం చిన్న విషయం కాదు.

శాంసంగ్‌ని ఏడేళ్లూ వాడితే నెలకి 1,548 రూపాయలు పడుతుంది, మధ్యలో ఒకసారి బ్యాటరీ మార్చే ఖర్చు అదనం. మూడేళ్లకే మార్చేస్తే నెలకి 3,611. వన్‌ప్లస్‌ని మూడేళ్లకి మార్చినా నెలకి 1,944, ఆరేళ్లు వాడితే 972. "ఇప్పటిదాకా నువ్వు ఎన్ని ఫోన్లు మార్చావురా?" అని అడిగితే వేళ్లు లెక్కపెట్టి ఎనిమిదేళ్లలో మూడు అన్నాడు. అలాంటివాడు ఏడేళ్ల అప్‌డేట్లకి డబ్బు కట్టడం అనవసరం. ఐఫోన్ దగ్గర ఒక్క సౌకర్యం, అమ్మేటప్పుడు మంచి ధర పలుకుతుంది. రెండు మూడేళ్లకి మార్చే అలవాటుంటే దాని లెక్క కాస్త తేలికవుతుంది.

ఖరీదైన ఫోన్ పాడైనప్పుడు ఎక్కడికెళ్లాలో కూడా కొనకముందే తెలుసుకోండి. రెండేళ్ల కిందట నా ఫోన్‌లో అప్‌డేట్ అయిన మర్నాడే తెర మీద నిలువునా పచ్చ గీత పడింది. వారంటీ అప్పటికే అయిపోయింది. మన దగ్గర మార్చరు, విశాఖ పంపాలన్నారు. రెండుసార్లు వెళ్లొచ్చాను, రెండు రోజులు స్టూడియో మూశాను. విజయనగరం నుంచి నాకే అలా ఉంటే, శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్ల పైమాట, ఇచ్ఛాపురం వాళ్ల పరిస్థితి చెప్పక్కర్లేదు. అందుకే షాపువాడిని "సర్వీస్ ఉందా" అని ఊరికే అడగొద్దు. "ఈ మోడల్ డిస్‌ప్లే మన ఊళ్లోనే మారుస్తారా, ఎన్ని రోజులు పడుతుంది, ఎంతవుతుంది" అని అడగండి. ఆ ఖర్చు విన్నాక కొందరు ఒక మెట్టు కింది ఫోన్‌కి దిగుతారు, అందులో తప్పేమీ లేదు.

ఇక డబ్బు కట్టే పద్ధతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా వస్తువులకి జీఎస్టీ తగ్గింది గానీ ఫోన్‌కి తగ్గలేదు, 18 శాతమే ఉంది. 1,29,999లో దగ్గరదగ్గర 19,830 పన్నే. 69,999లో 10,678. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు వ్యాపారం పేరున, జీఎస్టీ నంబరు వేయించుకుని బిల్లు తీసుకుంటే, ఆ ఫోన్ వ్యాపారానికి వాడుతున్నంత మేర ఆ పన్నుని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకోవచ్చు, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. చిన్న వ్యాపారుల కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్లకి ఆ వీలు లేదు. మా మేనల్లుడు ఇన్నాళ్లూ సొంత పేరున బిల్లు రాయించుకుంటున్నాడు! వాడి ఆడిటర్‌కి అక్కడికక్కడే ఫోన్ చేయించాను.

నో కాస్ట్ ఈఎంఐలోనూ ఖర్చు ఉంటుంది. వడ్డీ మొత్తాన్ని ముందు డిస్కౌంట్‌గా తగ్గించి చూపిస్తారు, బ్యాంకు మాత్రం వడ్డీ వేస్తూనే ఉంటుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మనం కట్టాలి. వడ్డీ 5,000 అయితే 900 మన జేబులోంచే. ప్రాసెసింగ్ ఫీజు వేరే. రొక్కం ఉంటే రొక్కమే నయం.

చివరికి వాడికి వన్‌ప్లస్ 13 చెప్పాను. వాడి రోజుకి కావలసినవన్నీ దాన్లో ఉన్నాయి. మిగిలిన అరవై వేలలో ఒక చిన్న లైట్ ప్యానెల్, ట్రైపాడ్ కొనుక్కోమన్నాను, పప్పు ఫొటోలకి వాటి వల్ల వచ్చే మార్పు ఏ ఫోన్ మార్చినా రాదు. మా అమ్మాయి శ్రీకాకుళంలో టీచరు, తనకి మాత్రం మొన్న ఐఫోన్ 17 చెప్పాను. పిల్లల వీడియోలే తన పని. శాంసంగ్ 218 గ్రాములుంటే ఇది 177, ఒంటి చేత్తో పట్టుకునే మనిషికి ఆ నలభై గ్రాములు సాయంత్రానికి తెలుస్తాయి. ఫోన్‌ని నిలువుగా పట్టుకునే అడ్డం సెల్ఫీ తీయొచ్చు, తరగతి మొత్తం అందులో పడుతుంది. ఎస్25 అల్ట్రాని ఎవరికి చెబుతానంటే, ఎండలో సైటు మీద తిరుగుతూ ప్లాన్ల మీద పెన్నుతో గీసుకునే ఇంజనీర్లకి. ఆ పెద్ద తెర మీద మెరుపు తక్కువ, ఫోన్ లోపలే ఇమిడిపోయే ఎస్ పెన్ ఈ నాలుగింట్లో దానికే ఉంది. పైగా వాళ్లు ఆరేడేళ్లు వాడేవాళ్లయి ఉండాలి.

కొనే రోజు షాపులో పావుగంట కూర్చోవాలని వాడికి గట్టిగా చెప్పాను. *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరు (ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు), పెట్టె మీదిదీ, బిల్లు మీదిదీ మూడూ ఒకటే కావాలి. ఇంగ్లిష్‌లో KYM అని టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కి మెసేజ్ పంపితే ఆ ఫోన్ వివరాలు వస్తాయి. రెండు సిమ్ములూ వేసి రెండింటి నుంచీ కాల్ చేయాలి. పూర్తి తెల్ల బొమ్మ, పూర్తి నల్ల బొమ్మ పెట్టి తెర అంతా చూడాలి. వేలు పెట్టి లెన్స్ పరీక్ష చేయాలి. ఇవన్నీ అయ్యాకే పాత ఫోన్‌ని ఎక్స్‌చేంజ్‌కి ఇవ్వాలి, అదీ వాట్సాప్ బ్యాకప్ తీసుకుని, లోపల ఉన్నదంతా చెరిపేశాకే.

బుధవారం రాత్రి వాడి కొత్త ఫోన్ నుంచి ఫొటో వచ్చింది. స్టీలు పళ్లెం, డబ్ల్యూ 240 పప్పు, మూలన ఏ4 కాగితం ముక్క. కింద "రంగు సరిపోయిందా మావయ్యా?" అని రాశాడు. రంగు సరిపోయింది. పళ్లెం ఎడమ అంచు మీద వాడి చెయ్యి నీడ పడింది, లైటు కొంచెం ఇటు జరుపుకోమని చెప్పాను.